వంటలక్కను జనం ఎందుకు వదిలేశారు



2017 అక్టోబరు 16న స్టార్ మా చానల్లో 'కార్తీక దీపం' అనే సీరియల్ మొదలైంది. 2023 జనవరి 23న అయిపోయింది. మొత్తం 1,569 భాగాలు. అందులో మూడేళ్ళకు పైగా రాత్రి ఏడున్నర అయిందంటే కర్నూలు పాతబస్తీ సందుల్లోనూ, కడప వీధుల్లోనూ, ఊళ్ళల్లోనూ ఒకే పాట, ఒకే గొంతులు. ఒకింట్లో టీవీ చెడిపోతే పక్కింటికి పోయి కూర్చునేవాళ్ళు. కరెంటు పోతే లైన్‌మన్‌కు ఫోన్లు పోయేవి. అలాంటి సీరియల్ ఆఖరి భాగం వచ్చిన రోజున మా వీధిలో దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. అయిపోయిన సంగతే కొందరికి వారం తర్వాత తెలిసింది. తెలిసినాక, "అట్నా, అయిపాయనా?" అని వేరే మాటలోకి పోయినారు.

ఇంత ప్రేమ ఎట్లా పుట్టింది, ఎట్లా ఆరిపోయింది అన్నది ఈరోజు మీతో మాట్లాడాలనుకుంటున్నాను. సీరియళ్ళ గురించి మాట్లాడటం పనిలేని ముచ్చట అని కొందరు పెద్దలు అనుకుంటారు. నేను అట్లా అనుకోను. లక్షల మంది ఆడవాళ్ళు రోజంతా కష్టపడి తమకంటూ మిగుల్చుకున్న ఆ అరగంటను ఏ కథకు ఇస్తున్నారు, ఎందుకు వెనక్కి తీసుకుంటున్నారు అన్నది చిన్న విషయం కాదు.

ముందుగా ఆ కథ ఏమిటో గుర్తు చేసుకుందాం. దీప నల్లని పిల్ల. రంగు తక్కువని చిన్నప్పటి నుంచి మాటలు పడింది. డాక్టర్ కార్తీక్ ఆమెను ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాడు. అతని మీద ఆశపడిన మోనిత, అతనికి పిల్లలు పుట్టే అవకాశమే లేదని నమ్మించింది. దీప కడుపుతో ఉంటే అతను అనుమానించాడు. ఆమె ఇల్లు వదిలి బయటికి వచ్చింది. కవల పిల్లల్లో ఒకరు అత్త సౌందర్య చేతుల మీదుగా తండ్రి దగ్గర పెరిగారు, ఇంకొకరు తల్లి దగ్గర. దీప వంటలు చేసి బతికింది, వంటలక్క అయింది. ఎవరి ముందూ చేయి చాపలేదు. ఆ పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్ మలయాళీ. ఈ కథకు మూలమైన మలయాళ సీరియల్ 'కరుత్తముత్తు'లోనూ మొదట ఆ పాత్ర ఆమెదే. తెలుగు రాని ఆ నటి కళ్ళతోనే మన ఇళ్ళల్లో ఆడబిడ్డ అయిపోయింది. డాక్టర్ బాబుగా నిరుపమ్ పరిటాల, మోనితగా శోభా శెట్టి కూడా అంతే. మోనితను తిట్టని నోరు లేదు.

ఈ కథను రాష్ట్రమంతా చూసింది, నిజమే. మన ప్రాంతంలో మాత్రం దీనికి ఇంకో లోతు ఉంది. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు వానలు మోసం చేసిన ఏడాది ఊళ్ళకు ఊళ్ళే సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. గుంటూరు మిరపకోతలకు మొగుడూ పెండ్లామూ పోతే పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు. రాయచోటి, రాజంపేట, కడప వైపు నుంచి ఎందరో ఆడవాళ్ళు కువైట్‌కు పోయి ఇంటిపనులు చేస్తున్నారు. భర్త గల్ఫులో ఉంటే పిల్లల్ని ఒంటరిగా పెంచుకొస్తున్న వాళ్ళు ఇంకెందరో. దూరంగా ఉన్న మనిషి మీద అనుమానం ఎంత సులువుగా పుడుతుందో, ఆ అనుమానం భరించడం ఎంత కష్టమో వీళ్ళకు ఒకరు చెప్పనక్కర లేదు. బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని గరిట తిప్పుకుంటూ తలెత్తుకుని బతికే దీపను చూస్తే, అది తమ కథే అనిపించింది. వంటలక్క అన్న పేరులోనే కూలి ఉంది, కష్టం ఉంది. మన తెరమీద అంత పెద్ద పాత్రకు వంటపని గౌరవం తెచ్చిపెట్టడం అరుదు.

కువైట్‌లో పనిచేసి వచ్చిన ఒకామె నాతో చెప్పింది. పని అంతా ముగించుకుని అర్ధరాత్రి దుప్పటి కప్పుకుని ఫోన్లో ఆ రోజు భాగం చూసేదట. ఇక్కడ కూతురు అదే భాగం టీవీలో చూసేది. మర్నాడు ఫోన్లో ఇద్దరూ దాని గురించే మాట్లాడుకునేవాళ్ళు. "ఇంటి కష్టాలు మాట్లాడుకుంటే ఇద్దరికీ ఏడుపొస్తాది. దీప గురించి మాట్లాడుకుంటా ఉంటే అన్నీ మాట్లాడినట్టే ఉండేదక్కా" అంది. ఒక సీరియల్ ఇంతకంటే చేయగలిగింది ఏముంటుంది?

విత్తనాల కాలంలో ఇంకో దృశ్యం చూసేదాన్ని. ఖరీఫ్‌కు ముందు బుడ్డలు వలిచే పని ఉంటుంది. కడప వైపు వాళ్ళు శెనక్కాయలు అంటారు. ఆడవాళ్ళు టీవీ ముందు చుట్టూ కూర్చుని, కళ్ళు తెరమీద పెట్టి, చేతులతో కాయలు వలిచేవాళ్ళు. ప్రకటనలు వస్తే మాటలు. మళ్ళీ సీరియల్ మొదలైతే అందరూ గప్‌చుప్. 2020లో లాక్‌డౌన్ వచ్చి షూటింగులు ఆగిపోయినప్పుడు, కొత్త భాగాలు ఎప్పుడొస్తాయని ఎదురుచూసిన వాళ్ళు వీళ్ళే. ఆ ఏడాదే ఐపీఎల్ మ్యాచ్‌లు సరిగ్గా ఏడున్నరకు మొదలవుతుంటే, ఇంట్లో రిమోట్ కోసం గొడవలవుతున్నాయి, సమయం మార్చండని విశాఖ కుర్రవాడు ఒకడు సౌరవ్ గంగూలీకి ట్వీట్ పెట్టాడు. అది వార్త అయింది. చానల్ వాళ్ళు ఆ ఇంటికి ఇంకో టీవీ పంపించారు. టీఆర్పీ పదిహేను దాటిన వారాలు లెక్కలేనన్ని. తెలుగులో ఏ సినిమా హీరోకూ అన్ని రోజులు వరుసగా అంత జనం లేరు.

మరి ఎక్కడ తెగింది?

ఈ కథను నడిపింది ఒకే ఒక్క ప్రశ్న: డాక్టర్ బాబుకు నిజం ఎప్పుడు తెలుస్తుంది? దీప తప్పు చేయలేదని, ఆ పిల్లలు తన పిల్లలేనని ఎప్పుడు ఒప్పుకుంటాడు? ఈ ప్రశ్న కోసమే జనం వెయ్యి రోజులు కాచుకున్నారు. నిజం చెప్పబోయిన మనిషి కళ్ళు తిరిగి పడిపోయినా ఓర్చుకున్నారు. రాసిన ఉత్తరం గాలికి పోయినా ఓర్చుకున్నారు. చివరికి 2021లో డాక్టర్ బాబుకు నిజం తెలిసింది. అప్పుడు ఏడ్చిన వాళ్ళను నేను చూశాను, నేనూ కళ్ళు తుడుచుకున్నాను. నా దృష్టిలో కథ అక్కడ అయిపోయింది. ఇంకో నెల రోజులు ఆ కుటుంబం కలిసి ఉండటం చూపించి, మోనితకు శిక్ష పడటం చూపించి, దీపం వెలిగించి సెలవు తీసుకుని ఉంటే తెలుగు టీవీ చరిత్రలో అంతకంటే మంచి ముగింపు ఉండేది కాదు.

కానీ చానల్‌కు ఆ ఏడున్నర గంటల సమయం బంగారు గని. దాన్ని వదులుకోవడం ఎవరికి ఇష్టం? మోనిత మళ్ళీ వచ్చింది, ఆమెకో బిడ్డ వచ్చాడు, జైలు వచ్చింది, పారిపోవడం వచ్చింది. వంట వెనక్కి పోయింది, కుట్ర ముందుకు వచ్చింది. దీప చేతిలో గరిట ఉన్నంత కాలం ఆమె మన మనిషి. గరిట వదిలి ఆస్పత్రులూ పోలీసు స్టేషన్లూ తిరగడం మొదలుపెట్టాక ఆమె ఏ సీరియల్‌లోనైనా ఉండే కథానాయిక. ఈ తేడా టీఆర్పీ కాగితంలో కనిపించదు. బుడ్డలు వలుస్తూ చూసిన ఆడవాళ్ళకు మాత్రం వెంటనే తెలిసింది.

2022 మార్చిలో దీపా కార్తీక్‌లను ప్రమాదంలో చంపేశారు. పిల్లలు హిమ, శౌర్య పెద్దవాళ్ళయ్యారు. ఒకరు డాక్టరు, ఇంకొకరు ఆటో డ్రైవరు. నటులు మారారు. ఆ కొత్త పిల్లల తప్పేమీ లేదు, బాగానే చేశారు. అయితే జనం కాచుకున్నది వాళ్ళ కోసం కాదు. మొదటి స్థానం చేజారింది. దాంతో కొన్ని నెలలకే చచ్చిపోయారనుకున్న జంటను బతికించి మళ్ళీ తెచ్చారు. డాక్టర్ బాబుకు జ్ఞాపకం పోయిందన్నారు. అప్పుడు నిజంగా తెగింది. మా ఇంటి పక్కన ఉండే పెద్దామె ఒక మాట అంది: "సచ్చినప్పుడు రొండు దినాలు అన్నం తిన్లా నేను. ఆ ఏడుపంతా ఉత్తదేనా?" ఆమె కోపం నాకు న్యాయంగా తోచింది. చావును నమ్మించి ఏడిపించిన కథ, ఆ ఏడుపును తిరిగి ఇవ్వలేదు.

జనం సీరియల్‌ను ఒక్కరోజులో వదిలెయ్యరు. అది ఎట్లా జరుగుతుందో నేను దగ్గరగా చూశాను. పెళ్ళికో, తిరునాళ్ళకో పోయి నాలుగు రోజులు చూడలేకపోతారు. తిరిగొచ్చి చూస్తే కథ కదలలేదు. అదే గది, అదే మాట, అదే మొహాల మీద అదే సంగీతం. "యాడ ఇడ్సినామో ఆడ్నే ఉండాదే" అని మొదట ఊరట పడతారు, ఏమీ పోలేదు కదా అని. ఆ ఊరటే అసలు ప్రమాదం. చూడకపోయినా ఏమీ పోదని మనసుకు తెలిసిపోయింది. తర్వాత వారానికి రెండు రోజులు చూస్తే చాలనిపిస్తుంది. ఆ తర్వాత ఫోన్లో ప్రోమో చూస్తే చాలు. ఆ తర్వాత రేపటి కథ రాసి పెట్టే వాళ్ళది చదివితే చాలు. టీవీ మాత్రం మోగుతూనే ఉంటుంది. వంటింట్లోంచి వినిపిస్తుంటుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఫోన్లో ఇంకేదో చూస్తుంటారు. ఒకరోజు రిమోట్ పిల్లల చేతికి పోతుంది, ఎవరూ అడగరు. అక్కడితో సరి.

చానల్ వాళ్ళకు ఇది ఆలస్యంగా తెలుస్తుంది. ఎందుకంటే వాళ్ళు జనాన్ని చూడరు, అంకెను చూస్తారు. బార్క్ అనే సంస్థ దేశం మొత్తం మీద యాభై వేల పైచిలుకు ఇళ్ళలో మీటర్లు పెట్టి ఎవరు ఏం చూస్తున్నారో లెక్క కడుతుంది. గురువారం గురువారం ఆ అంకె వస్తుంది. అంకె పెరిగితే ఆ మలుపును సాగదీస్తారు. తగ్గితే ఇంకో మలుపు పుట్టిస్తారు, పాత్రను చంపుతారు, చచ్చిన వాళ్ళను లేపుతారు. వారానికి ఆరు రోజులు ప్రసారం కావాలంటే రచయితకు ఆలోచించుకునే వ్యవధి ఎక్కడిది? ఇవ్వాళ రాసింది రేపు తీయాలి, ఎల్లుండి ఎడిట్ చేయాలి. సీరియల్ ఆగితే లైట్‌మన్ మొదలు మేకప్ మనిషి దాకా హైదరాబాదులో ఎందరి రోజుకూలో ఆగుతుంది. వాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చేయను. అయితే కథ ఎక్కడ ముగియాలో కథ చెప్పాలి. గురువారం అంకె చెప్పకూడదు.

ఈ మాట అనే హక్కు మనకు ఉంది. ఎందుకంటే నాటకం చూసే జనాన్ని ఎట్లా కనిపెట్టుకోవాలో ఈ దేశానికి నేర్పిన ఊరు మన కడప జిల్లాలోనే ఉంది. చక్రాయపేట మండలంలో ఒకప్పటి సొరుగు గ్రామం, ఇప్పటి సురభి. తోలుబొమ్మలాడించే వనారస కుటుంబం 1885లో ఆ ఊళ్ళో ఒక పెళ్ళి సందర్భంగా బొమ్మల్ని పక్కన పెట్టి, మనుషులే వేషాలు కట్టి 'కీచక వధ' ఆడింది. ఆడవేషాలు ఆడవాళ్ళే వేసిన తొలినాళ్ళ నాటక సమాజాల్లో అదొకటి. అక్కడి నుంచి ఆ కుటుంబం శాఖలు శాఖలుగా విస్తరించి ఆంధ్రదేశమంతా తిరిగింది. సురభి వాళ్ళు ఒక ఊళ్ళో డేరా వేస్తే రోజుకో నాటకం ఆడేవాళ్ళు. చూసేవాళ్ళు ఎదురుగా కూర్చునేవాళ్ళు. ఎక్కడ నవ్వారు, ఎక్కడ ఆవులించారు, ఎక్కడ లేచి బయటికి పోయారు, అన్నీ ఆ రాత్రే తెలిసిపోయేవి. జనం పలచబడితే డేరా ఎత్తి ఇంకో ఊరికి పోయేవాళ్ళు. మళ్ళీ కొన్నేళ్ళకు వస్తే అదే 'మాయాబజార్'కు అంతే జనం వచ్చేవాళ్ళు. సమయానికి లేచిపోవడం తెలిసిన వాళ్ళు కనుకనే నూరేళ్ళు దాటి బతికారు.

సీరియల్ పొడుగే దాని పాపం అని కొందరంటారు. నేను ఒప్పుకోను. మన పక్కనే చిత్తూరు జిల్లాలో ధర్మరాజుల గుళ్ళ దగ్గర పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం. అర్జునుడి తపస్సు మాను ఎక్కే రోజు చూడాలి, పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్ళు తడిబట్టలతో ఆ మాను చుట్టూ ఉంటారు. పద్దెనిమిదో రోజు దుర్యోధనుడు పడిపోతాడు. అందరికీ తెలిసిన కథే, ఏటేటా చూసిన కథే. ఎవరికీ విసుగు రాదు. ఆ కథ తన మాట నిలబెట్టుకుంటుంది. దుర్యోధనుడు పద్దెనిమిదో రోజు చస్తాడంటే చస్తాడు, పంతొమ్మిదో రోజు లేచి రాడు.

తన మాట నిలబెట్టుకున్న కథలు టీవీలోనూ ఉన్నాయి. దూరదర్శన్‌లో 1984లో మొదలైన 'హమ్ లోగ్' 156 భాగాలకు ముగిసింది. రామానంద్ సాగర్ 'రామాయణ్' 78 భాగాలు. 2020 లాక్‌డౌన్‌లో దాన్ని మళ్ళీ వేస్తే మనవళ్ళు కూడా కూర్చుని చూశారు. ఇంకో వైపు ఈటీవీలో 'అభిషేకం' 2008 నుంచి 2022 దాకా నాలుగు వేల భాగాలు నడిచింది. మధ్యాహ్నం పూట, పెద్దగా హడావిడి లేకుండా, చూసేవాళ్ళకు చుట్టపు చూపుగా వచ్చిపోయింది. అమెరికాలో 'గైడింగ్ లైట్' అనే కథ 1937లో రేడియో మీదే మొదలై, తర్వాత టీవీకి ఎక్కి, 2009 దాకా డెబ్బై రెండేళ్ళు సాగింది. అవి ఒక్క ప్రశ్న మీద నిలబడిన కథలు కావు, ఒక ఊరి బతుకు లాగా సాగేవి. లాటిన్ అమెరికా దేశాల్లో టెలినోవెలాలు నూటయాభై, రెండు వందల భాగాలకు ముగిసిపోతాయి. మొదలుపెట్టేటప్పుడే ముగింపు ఉంటుందని అందరికీ తెలుసు. ఎటువంటి కథ చెబుతున్నామో తెలిస్తే పొడుగు ఎంతైనా పరవాలేదు. నూటయాభై రోజుల కథను పదిహేను వందల రోజులు లాగితేనే జనం లేచిపోతారు.

తెలుగులో ఈ పొరపాటు 'కార్తీక దీపం' ఒక్కదానిది కాదు. 'ఇంటింటి గృహలక్ష్మి'లో తులసి భర్త చేతిలో అవమానపడి, విడిపోయి, తన కాళ్ళ మీద తాను నిలబడింది. నడివయసు ఆడవాళ్ళు ఎందరో ఆమెను చూసి ధైర్యం తెచ్చుకున్నారు. నిలబడ్డాక కూడా ఆ ఇంటి బరువే ఆమె నెత్తిన మోయించారు. 'గుప్పెడంత మనసు'ను డిగ్రీ పిల్లలు కూడా చూసేవాళ్ళు. రిషి సార్, వసుధార, డీబీఎస్టీ కాలేజీ, అదొక పిచ్చి. రిషి పాత్ర నెలల తరబడి తెరమీద లేకుండా పోయాక చూసేవాళ్ళు చెదిరిపోయారు. తిరిగి వచ్చినా పాత రోజులు రాలేదు. 2024 ఆగస్టు చివర్లో ముగిసింది. ఆ పిల్లలు ఇప్పటికీ పాత భాగాల ముక్కలు ఫోన్లో చూసుకుంటుంటారు. అంటే ప్రేమ పోలేదు. ఇప్పుడు జరుగుతున్న కథ మీద నమ్మకం పోయింది.

చానల్ వాళ్ళు ఇది గుర్తించాలని నా కోరిక. 2024 మార్చి 25న అదే జంటతో 'కార్తీక దీపం 2' మొదలైనప్పుడు జనం మళ్ళీ వచ్చి కూర్చున్నారు. అంత మోసపోయినాక కూడా వచ్చారు. దీప అన్న పేరు మీద ఉన్న మమకారం అటువంటిది. ఆ మమకారానికి విలువ ఇవ్వాల్సిన బాధ్యత చెప్పేవాళ్ళది.

అందుకే చానళ్ళలో పనిచేసే రచయితలకు, దర్శకులకు ఈ రేడియో ద్వారా ఒక విన్నపం. కథ మొదలుపెట్టే ముందే ముగింపు రాసుకోండి. ఎన్ని భాగాలో తెరమీద వేసి చెప్పండి. మూడు వందలంటే మూడు వందలే. మా వాళ్ళు చూస్తారు, ఇంకా గట్టిగా చూస్తారు. పాత్రను చంపితే చంపండి, ఏడ్చేవాళ్ళ కన్నీళ్ళతో మాత్రం ఆడుకోకండి. నాయికకు ఒక పని ఇచ్చి నిలబెట్టారనుకోండి, ఆఖరి దాకా ఆ పనిని ఆమె చేతిలోనే ఉంచండి.

కర్నూలు, కడప జిల్లాల్లో రాసే పిల్లలకు ఇంకో మాట. ఎమ్మిగనూరు మగ్గం దగ్గర, మాధవరం చీరల దగ్గర, ఆదోని పత్తి మిల్లుల్లో, సుగ్గి బండిలో, కువైట్ విమానంలో మన ఆడవాళ్ళ కథలు ఎన్నో ఉన్నాయి. ఏ సీరియల్ ఇంట్లోనూ మన నీళ్ళ బిందె కనిపించదు, మన మాట వినిపించదు. మీరు రాయండి. వంద భాగాలకు సరిపోయే కథ అయితే వందకే రాయండి. టీవీ వాళ్ళు తీసుకోకపోతే రేడియో నాటకంగా రాయండి. ఆ ఆడవాళ్ళు వింటారు, వాళ్ళ చేతిలో పని ఉన్నా వింటారు.